నీళ్లు ఎన్ని ఆపారన్నది సరే, ఎప్పుడు వదులుతున్నారు? హైదరాబాద్ వాననీటి పనులు చూసే అధికారులకు బహిరంగ లేఖ

సార్లకూ మేడమ్‌లకూ నమస్కారం.

జీహెచ్‌ఎంసీ, హైడ్రా, నీటిపారుదల శాఖ, హెచ్‌ఎండీఏ, జలమండలి... ఈ ఉత్తరం వీళ్లలో ఎవరి టేబుల్ మీదకి వెళ్లాలని అడిగితే, నేను రాయబోయే విషయానికి ఎవరూ ఒక్కరే బాధ్యులు కారనే జవాబు వస్తుంది. అందుకే అందరికీ కలిపి, అందరూ చూసేలా రాస్తున్నా. నేను డ్రైనేజీ డిజైన్లు గీసే పనిలో ఉన్నాను. ఉండేది సరూర్‌నగర్ చెరువుకి దిగువన. కాబట్టి వాన పడితే ఆఫీసులోనూ టెన్షనే, ఇంటి దగ్గరా టెన్షనే.

ముందు ఒక మంచి మాట. కొన్నేళ్లుగా నగరంలో వాననీటిని ఎక్కడికక్కడ ఆపాలన్న ఆలోచన మొదలైంది. రాజ్‌భవన్ రోడ్డు, సోమాజిగూడ, సచివాలయం వైపు రోడ్డు కింద నీళ్లు నిలబెట్టే సంపులు కట్టారు, మరికొన్ని చోట్ల కడుతున్నారు. నాలా వెడల్పు చేయడం తప్ప ఇంకో మందే లేదనుకునే కాలం పోయింది, సంతోషం. కానీ ఈ పనుల గురించి ఎక్కడ విన్నా ఒకటే లెక్క చెబుతున్నారు: ఇది ఇన్ని లక్షల లీటర్లు పడుతుంది, అది అన్ని లక్షల లీటర్లు పడుతుంది అని. అది ఎన్ని నిమిషాల్లో నిండుతుంది, నిండాక ఏమవుతుంది, అందులోంచి బయటికి వెళ్లే నీళ్లు ఏ నాలాలో ఏ గంటకి కలుస్తాయి, ఆ గంటకి పైనుంచి ఇంకెవరి నీళ్లు వస్తుంటాయి, ఈ లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. నా గొడవంతా దాని గురించే.

పది లక్షల లీటర్ల సంపు అంటే వినడానికి చాలా పెద్దది. లెక్క వేయండి. పది లక్షల లీటర్లంటే వెయ్యి ఘనపు మీటర్లు. ఒక సెంటీమీటరు వాన పది హెక్టార్ల మీద, అంటే దాదాపు 25 ఎకరాల మీద పడితే అన్ని నీళ్లు వస్తాయి. రోడ్లూ స్లాబులూ తప్ప మట్టి కనపడని మన నగరంలో ఆ నీళ్లలో చాలావరకు రోడ్డు మీదకే వస్తాయి. గంటకి ఆరు సెంటీమీటర్ల జోరుతో వాన దంచితే, పాతిక ఎకరాలకి పెట్టిన ఆ సంపు పది పన్నెండు నిమిషాల్లో నిండుతుంది. నాలాలో అసలు పోటు, అంటే నీళ్లు అన్నిటికన్నా ఎక్కువ జోరుగా పారే వేళ, వచ్చేది అరగంటకో ముప్పావు గంటకో. అంటే పోటు వచ్చే వేళకి సంపు ఎప్పుడో నిండిపోయి ఉంటుంది, ఉన్నా లేనట్టే. మొదటి పది నిమిషాల నీళ్లని నాలా ఎలాగూ మోసుకుపోయేది, వాటిని పట్టి దాచుకున్నాం. నిజంగా పట్టుకోవాల్సిన నీళ్లని వదిలేశాం. సంపులోకి నీళ్లు వెళ్లే దారిని డ్రెయిన్ అడుగున కాకుండా పక్కన కొంచెం ఎత్తులో మత్తడిలా, అంటే నీళ్లు పైనుంచి పొర్లే గోడలా పెట్టి, డ్రెయిన్ ముప్పాతిక నిండాకే పొర్లి సంపులో పడేటట్టు చేస్తే, అంతే సైజు సంపు పోటు తలని నరుకుతుంది. కాంక్రీటు ఖర్చు పెద్దగా మారదు, మారేది ఆ గోడ ఎత్తు. ఇలా కట్టినవి కొన్ని ఉంటే ఉండొచ్చు. ఉంటే ఆ సంగతి కూడా లీటర్ల లెక్కతో పాటు చెప్పండి, మిగతావాళ్లు చూసి నేర్చుకుంటారు.

ఇంకుడు గుంతల సంగతీ ఇంతే. భూగర్భ జలాలకి అవి చాలా మంచివి, నేను వద్దనడం లేదు. కానీ వరదకి మందు అని వాటిని చూపిస్తే మాత్రం ఒప్పుకోను. పెద్ద వానలో అవి అందరికంటే ముందు నిండేవే.

ఇప్పుడు అసలు చిక్కు. నీళ్లు ఆపడం ఎప్పుడూ మంచిదే, ఆపినంత ఆపినట్టే కదా అని అందరూ అనుకుంటారు. పనులు చేసేవాళ్లలో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. తప్పుచోట ఆపితే వరద తగ్గకపోగా పెరుగుతుంది. నమ్మకం కలగకపోతే ఈ చిన్న లెక్క చూడండి. ఇది ఏ నాలా కొలతా కాదు, విషయం అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు.

ఒక నాలా ఉంది. దాని కింది చివర, నదికి దగ్గర్లో ఒక కాలనీ. పైన చాలా దూరంలో ఇంకో పెద్ద ప్రాంతం. సాయంత్రం ఆరింటికి రెండు చోట్లా వాన మొదలైంది. కింది కాలనీ నీళ్లు పక్కనే ఉన్న వంతెన దగ్గరికి త్వరగా చేరతాయి. ఆరుముప్పావుకి 600 క్యూసెక్కుల పోటు, తొమ్మిదింటికల్లా ఖాళీ. పై ప్రాంతం నీళ్లు దూరం నుంచి రావాలి కాబట్టి వాటి పోటు తొమ్మిదిన్నరకి, 1,000 క్యూసెక్కులు. ఆరుముప్పావుకి పైనుంచి వచ్చేది ఇంకా వందే అనుకుందాం. అంటే వంతెన కింద మొదట 700, తర్వాత తొమ్మిదిన్నరకి 1,000. వంతెన 1,000కి కట్టింది, ఇబ్బంది లేదు.

ఇప్పుడు కింది కాలనీలో ఒక పెద్ద నీటి గుంట తవ్వారు. పోటు సగానికి తగ్గింది, 600 కాస్తా 300 అయింది. కాగితం మీద అద్భుతం. కానీ నీళ్లు మాయం కాలేదు కదా, గుంటలోంచి నెమ్మదిగా వస్తూనే ఉంటాయి. ఏడుంపావుకి 300, అక్కడి నుంచి మెల్లగా తగ్గుతూ తొమ్మిదిన్నరకి 200, పదకొండింటికి ఖాళీ. మొత్తం నీళ్లు అవే, ఒక్క చుక్క తేడా లేదు. తొమ్మిదిన్నరకి వంతెన కింద ఎంత? పైనుంచి 1,000, కిందినుంచి 200. మొత్తం 1,200. గుంట లేనప్పుడు వెయ్యితో పోయేది, గుంట తవ్వాక పన్నెండొందలయింది. వంతెన పొంగింది. ఆ గుంట కట్టినవాళ్లని ఏమనాలి? వాళ్లు రూల్ ప్రకారమే చేశారు, వాళ్ల హద్దులో పోటు సగం తగ్గించారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో రెండు సినిమా హాళ్ల జనాన్ని వేర్వేరు టైములకి వదులుతుంటే ఏ గోలా లేదు, ముందు వదిలే హాల్లో గేటు సగం మూసి జనాన్ని మెల్లగా పంపితే రెండు జనాలూ ఒకేసారి రోడ్డు మీద పడతాయి, అలాంటిదే ఇది.

దీన్ని కనిపెట్టింది నేనేమీ కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 1978లో, అంటే జాన్స్‌టౌన్‌లో పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడాది, వాననీటి నిర్వహణకి చట్టం చేసింది. ఆ చట్టం కింద కౌంటీలు ఊరి హద్దుల్ని పక్కనపెట్టి వాగు పరీవాహకాన్ని, అంటే ఆ వాగులోకి నీళ్లు చేరే ప్రాంతమంతటినీ బట్టి ప్లాన్లు వేశాయి. పరీవాహకాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క నీళ్లు కింది సంగమానికి ఎప్పుడు చేరతాయో చూసి, ఒక్కో ముక్కకి ఒక్కో శాతం పెట్టారు. కొన్నిచోట్ల కొత్త కట్టడం వచ్చాక పోటు పాత పోటుకి మించకపోతే చాలు. ఇంకొన్నిచోట్ల అది పాత పోటులో సగానికే ఉండాలి. కింది చివర నది ఒడ్డున ఉన్నవాళ్లనైతే, కొన్ని ప్లాన్లలో, మీరు ఆపొద్దు, మీ నీళ్లు ముందే వెళ్లిపోనివ్వండి అన్నారు. మన దగ్గర జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో పట్టణ వరదల మీద ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ప్రణాళికకి పరీవాహకమే ఆధారం కావాలని చెప్పాయి. పదిహేనేళ్లు దాటింది. మనం ఇంకా సర్కిల్ వారీగా, వార్డు వారీగా అంచనాలు వేస్తున్నాం. వానకి వార్డు తెలుసా?

ఒకదాని నీళ్లు ఇంకోదాంట్లో పడే చెరువుల గొలుసులు మనవి, నేనుండే గొలుసునే తీసుకోండి. మీర్‌పేట వైపు మంత్రాల చెరువు, సంద చెరువు, పెద్ద చెరువు. అటు నీళ్లు సరూర్‌నగర్ చెరువులోకి వస్తాయి. అక్కడ మత్తడి దూకితే చైతన్యపురి మీదుగా మూసీలోకి. చెరువులోకి నీళ్లొచ్చే వైపు కోదండరాం నగర్, అది మునిగిన ఫోటోలు దాదాపు ప్రతి పెద్ద వానకీ పేపర్లో వస్తాయి. నిన్నమొన్నటి దాకా మీర్‌పేట ఒక కార్పొరేషన్, సరూర్‌నగర్ ఇంకో కార్పొరేషన్. పై చెరువు మత్తడి దూకే వేళ కింది చెరువు తూము తెరిచి ఉండాలా మూసి ఉండాలా అన్న ప్రశ్న రెండు ఆఫీసుల మధ్య ఎక్కడో ఉండిపోయేది. చెరువుకి ఒక ఫైలు ఉంది, నాలాకి ఒక ఫైలు ఉంది, గొలుసుకి ఫైలు లేదు.

వెనక ఊళ్లలో నీరటికాళ్లు ఉండేవాళ్లు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, పై చెరువు మత్తడి పడిందా లేదా అన్నది చూసుకోవడం వాళ్ల పని, దానికి వాళ్లకి మాన్యమో, కల్లంలో ధాన్యమో ఉండేది. వాళ్ల దగ్గర సాఫ్ట్‌వేర్ లేదు, కానీ పైవాడి నీళ్లు తన కట్టకి ఏ పొద్దుకి తగులుతాయో తెలుసు. ఆ కాలమే గొప్పదని నేను అనడం లేదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ ముంచేసినప్పుడు ఎగువన ఏడొందలకు పైగా చెరువులున్నాయి, వందలకొద్దీ తెగాయి. పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి, అదీ తెగుతుంది, దాని కిందిదీ తెగుతుంది. ఆపిన నీళ్లు అన్నిటికన్నా చెడ్డ గంటలో కలిసి రావడమంటే అదే.

ఆ వరద తర్వాత పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి పైన రెండు నదుల మీద రెండు జలాశయాలు కట్టాలన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. మనందరికీ అవి తాగునీటి చెరువులుగానే తెలుసు గానీ మొదటి ఉద్దేశం మూసీ, ఈసీ రెండిటి పోటునీ పైనే పట్టి, నగరం మోయగలిగినంతే కిందికి వదలడం. ఉస్మాన్‌సాగర్ 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్ దాదాపు 3 టీఎంసీలు. తర్వాత తాగునీటి అవసరం వచ్చింది, నిండుగా ఉంచాలన్న కోరిక వచ్చింది, రెండు కోరికలకీ పొత్తు కుదరదు. నిండుగా ఉన్న చెరువు వరదని ఆపలేదు, పైనుంచి ఎంతొస్తే కిందికి అంత వదలాల్సిందే. 2025 సెప్టెంబర్ ఆఖర్లో రెండు జలాశయాల గేట్లూ ఎత్తారు, ఆ నీళ్లు బాపూఘాట్ దగ్గర కలిశాయి, ఎంజీబీఎస్ బస్టాండులోకి మూసీ వచ్చేసింది, రాత్రిపూట ప్రయాణికులు లోపలే ఇరుక్కుపోయారు, చాదర్‌ఘాట్, మూసానగర్ బస్తీల వాళ్లు సామాన్లు వదిలి బయటపడ్డారు.

ఆ రాత్రి గేట్లు ఎత్తడం తప్పని నేననను. కట్ట భద్రతే అన్నిటికంటే ముందు, అందులో బేరం లేదు. నా ప్రశ్న అంతకు ముందు రోజులది. వాయుగుండం వస్తోందని వాతావరణ శాఖ చెప్పినప్పుడు, నగరంలో ఇంకా వాన మొదలుకాకముందు, మూసీ ఖాళీగా ఉన్నప్పుడు, ఎన్ని అడుగులు తగ్గించి చోటు చేసుకోవచ్చు? నగరంలో కుంభవృష్టి పడుతున్న ఆ రెండు మూడు గంటలు, చోటు ఉంటే, గేట్లు కొంచెం దించి మూసీని కిందికి ఉంచితే, ముర్కి నాలా, హుస్సేన్‌సాగర్ వరద నాలా లాంటివి తమ నీళ్లు మూసీలో దించుకోగలవు. మూసీ నిండుగా ఉంటే నాలా నోట్లోంచి నీళ్లు వెనక్కి తంతాయి, బస్తీలోకి వస్తాయి. దీనికి ఒక నిబంధన రాసి ఉంటే, వానాకాలానికి ముందే దాన్ని జనం ముందు పెట్టండి. నెలవారీగా ఏ జలాశయంలో ఎంత మట్టం దాటకూడదు, ఎందుకు అని. ఇప్పుడు నగరానికి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు కూడా వస్తున్నాయి, గండిపేట (అదే ఉస్మాన్‌సాగర్) మీదే బతికే కాలం కాదు, రెండడుగులు ఖాళీ ఉంచడానికి మునుపటంత భయం అక్కర్లేదు.

ఇంకో సంగతి, ఇది డిజైన్ కాగితాల్లో నాకు దాదాపు ఎక్కడా కనపడదు. బంగాళాఖాతం నుంచి వచ్చే వాయుగుండాలు తూర్పు నుంచి పడమటికి నడుస్తాయి. మూసీ అనంతగిరి గుట్టల్లో పుట్టి పడమటి నుంచి తూర్పుకి పారుతుంది. అలాంటి వాన చాలాసార్లు ముందు కింద ఉప్పల్, హయత్‌నగర్ వైపు పడి, తర్వాత పైకి వెళ్తుంది. కిందివాళ్ల నీళ్లు ముందే పోవడానికి ప్రకృతే కొంత వ్యవధి ఇస్తోందన్నమాట. మనం కింద గుంటలు తవ్వి ఆ వ్యవధిని మింగేస్తే ఎట్లా? ప్రతి వానా ఇలాగే వస్తుందని కాదు. సాయంత్రం క్యుములోనింబస్ మబ్బు ఎక్కడ పుడుతుందో, ఎటు పోతుందో దానిష్టం, కొన్ని వానలు అంతటా ఒకేసారి పడతాయి. అందుకే ఒక్క వానకి కాకుండా నాలుగైదు రకాల వానలకి లెక్క కట్టి చూడమంటున్నా.

చెరువుల దగ్గరికి వద్దాం. వానాకాలం మొదట్లోనే మన చెరువులు నిండుగా ఉంటాయి, వాననీళ్లతో కాదు, మురుగుతో. ఏడాది పొడవునా మురుగు వస్తూనే ఉంటుంది కాబట్టి ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండిన మట్టం) దగ్గరే నిలబడి ఉంటాయి. "నిండుకుండలా చెరువులు" అని పేపర్లో ఫోటో వేస్తే చూసి ముచ్చటపడతాం. నాకు మాత్రం ఆ ఫోటో చూస్తే గుండె దడ. వరదకి అందులో చోటేదీ? 2020 అక్టోబర్‌లో జరిగింది చూశాం కదా. 13న పడిన వానకే గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు హైవే కొట్టుకుపోయింది, పల్లె చెరువు నీళ్లు కింది కాలనీల మీద పడ్డాయి. నాలుగు రోజులకి, 17 రాత్రి, మళ్లీ వాన పడితే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. మొదటి వానకి అంచుదాకా ఉన్న నీళ్లు రెండో వాన వచ్చేలోగా దిగకపోతే ఆ కట్ట ఏం చేస్తుంది? వాన ఆగాక ఎన్ని గంటల్లో చెరువు ఇంత మట్టానికి దిగాలి అన్న గడువు ప్రతి చెరువుకీ ఉండాలి, ఆ గడువులో దించగలిగేంత తూము ఉండాలి. చాలా చెరువులకి మత్తడి మాత్రమే మిగిలింది, తూములు పూడిపోయాయి, లేదా తూము కింద కాలువ ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల ఇల్లుంది.

హుస్సేన్‌సాగర్ సంగతి చూడండి. నీళ్లున్న వైశాల్యం నాలుగు చదరపు కిలోమీటర్లే అనుకున్నా, ఒక్క అడుగు ఖాళీ ఉంచితే దాదాపు 120 కోట్ల లీటర్లకి చోటు దొరుకుతుంది. పది లక్షల లీటర్ల సంపులు పన్నెండొందలు కట్టినదాంతో సమానం. రోడ్డు తవ్వక్కర్లేదు, ట్రాఫిక్ మళ్లించక్కర్లేదు. వానకి ఒకరోజు ముందు అడుగు నీళ్లు దించితే, కింద అశోక్‌నగర్, నల్లకుంట, అంబర్‌పేట మీదుగా పోయే నాలా అప్పుడు ఖాళీగా ఉంటుంది కాబట్టి మెల్లగా మోసుకుపోతుంది. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా, నాలుగూ వచ్చి పడే చెరువు అది, నగరం నడిబొడ్డున అంత పెద్ద గుంట మనకి 1562 నుంచీ ఉంది. బోట్లు నాలుగు రోజులు అడుగు కిందికి దిగితే పర్యాటకులు ఏమీ అనుకోరు లెండి.

నాలాల వెడల్పు గురించి ఒక్క మాట. 2021లో వచ్చిన వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం కింద మొదటి దశకే దాదాపు 985 కోట్లు పెట్టారు. దానివల్ల గట్టెక్కిన కాలనీలున్నాయి, కాదనను. కానీ రాళ్లూ వంకరలూ ఉన్న నాలాని నున్నటి బాక్స్ డ్రెయిన్ చేస్తే నీళ్లు ముందుకన్నా త్వరగా కిందికి చేరతాయి. పై కాలనీకి ఊరట, కింది కాలనీకి పోటు ముందే వస్తుంది, ఇంకా ఎత్తుగా వస్తుంది. అందుకే పని కిందినుంచి పైకి రావాలి, లేకపోతే పైన వెడల్పు చేసిన ప్రతిచోటా మధ్యలో ఒక గుంట పెట్టాలి. మన దగ్గర స్థలం ఎక్కడ దొరికితే అక్కడ, కోర్టు కేసు లేని చోట పని ముందు మొదలవుతుంది. అర్థం చేసుకోగలను, ఇంజినీర్లకి స్థలం ఇచ్చేది వేరేవాళ్లు. కానీ దిగువవాడికి ఏమవుతుందో లెక్క కట్టి ఫైలులో ఒక పేజీ పెట్టడానికి స్థలం అక్కర్లేదు కదా.

ఇక పంపుల సంగతి, దీన్ని దగ్గర్నుంచి చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. మా వైపు ఒక పెద్ద అపార్టుమెంటు కాంప్లెక్సులో సెల్లారు కింద వాననీటి సంపు ఉంది. బాగా కట్టారు. బయటికి ఆరంగుళాల పైపు, దానికి మోటారు, మోటారుకి ఫ్లోట్ స్విచ్. సంపు నిండుతూ ఫ్లోట్ పైకి లేవగానే మోటారు ఆన్, ఖాళీ కాగానే ఆఫ్. ఎప్పుడు ఆన్ అవుతుందని వాచ్‌మెన్‌ని అడిగితే "వాన జోరందుకోంగనే దానంతటదే ఆన్ అయితది సార్, మనం ముట్టుకునే పనే లేదు" అన్నాడు గర్వంగా. అదే భయం. నాలా అంచుదాకా వచ్చి, రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూతలు లేస్తున్న అదే అరగంటలో ఈ మోటారు తన నీళ్లని కూడా నాలాలోకి తోస్తుంది. ఆ వీధిలో ఉన్న ప్రతి సెల్లారు మోటారూ అదే పని చేస్తుంది, ఎందుకంటే అందరి ఫ్లోటూ అదే వానకి లేస్తుంది. లక్షలు పోసి కట్టిన సంపు, రెండు మూడు వేల రూపాయల స్విచ్ వల్ల, పోటు తగ్గించాల్సింది పోయి పోటులో చేరుతోంది. నాలాలో ఒక మట్టం సెన్సర్ పెట్టి, నాలా దిగాకే మోటారు ఆన్ అయ్యేలా చేయొచ్చు. సెల్లారు మునగకుండా చివరి అరడుగుకి మినహాయింపు ఇవ్వొచ్చు. ఇంత చిన్న షరతు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు ఎవరైనా అడుగుతున్నారా? మీరు రోడ్డు కింద కట్టిన సంపుల మోటార్లకైనా ఏ టైములో తోడాలో రాసిపెట్టారా?

ఇదే విషయం ఒక కార్యాలయంలో చెప్పబోతే, అక్కడున్న పెద్దమనిషి నేను గీసిన గ్రాఫు చూసి "ఇవన్నీ థియరీ అండీ, ముందు పూడిక తీయిద్దాం" అన్నారు. పూడిక తీయాల్సిందే, ప్లాస్టిక్ కవర్లతో నిండిన నాలాకి ఏ గ్రాఫూ పనిచేయదు. కానీ పూడిక ప్రతి ఏడూ తీస్తూనే ఉన్నాం, ప్రతి ఏడూ మునుగుతూనే ఉన్నాం.

కాబట్టి అడిగేది ఇది. కొత్త సంపుకో గుంటకో టెండరు పిలిచేముందు, ఆ పరీవాహకంలో ప్రతి నాలా సంగమం దగ్గరా ఏ ప్రాంతం నీళ్లు వాన మొదలైన ఎన్ని గంటలకి వస్తాయో ఒక మ్యాపు వేయించండి. ఆ మ్యాపులో ఎగువన ఉన్న లేఅవుట్లకి గట్టి షరతు పెట్టండి, ఎంత ఆపితే అంత మేలు. మూసీని ఆనుకుని ఉన్నవాళ్లకి ఆపమని చెప్పకండి, వాళ్ల నీళ్లు అడ్డం లేకుండా ముందే దిగిపోయే దారి చూపించండి. మధ్యలో ఉన్నవాళ్ల దగ్గరే అసలు తలనొప్పి, అక్కడ ఒక్కో చోటికి విడిగా లెక్క కట్టాల్సిందే. అందరికీ ఒకే రూల్ పెడితే అమలు సులువని నాకూ తెలుసు, ఒక సర్క్యులర్‌తో అయిపోతుంది. కానీ పైన లెక్కలో చూశారు కదా, పన్నెండొందల క్యూసెక్కులు వచ్చింది అలాంటి ఒకే రూల్ వల్లనే.

రెండోది, గొలుసుకి ఒక మనిషి. చెరువుకి ఒకరు కాదు, గొలుసుకి ఒకరు. పై చెరువు నుంచి మూసీ దాకా తూములు, మత్తళ్లు, సంపుల మోటార్లు అన్నీ ఆ ఒక్కరి మాట వినాలి. హైడ్రా 2024 జులైలో వచ్చినప్పుడు అందరి దృష్టీ కూల్చివేతల మీదే పడింది. శాఖల హద్దులు దాటి పనిచేయగల సంస్థ అని పెట్టారు కాబట్టి ఈ పని దానికి అప్పజెప్పినా నాకు అభ్యంతరం లేదు, నీటిపారుదల శాఖకే ఇచ్చినా అభ్యంతరం లేదు, ఎవరికో ఒకరికి ఇవ్వండి. వాన ఎక్కడ ఎంత పడిందో రాష్ట్ర ప్రణాళికా సంస్థ వాతావరణ కేంద్రాల పుణ్యమా అని మాలాంటి మామూలు జనం ఫోన్లోనే చూసుకుంటున్నాం. నాలా మట్టం కూడా అలాగే, పెద్ద సంగమాల దగ్గర పది పదిహేను నిమిషాలకోసారి, అందరికీ కనపడేలా పెట్టండి. రెండు వానాకాలాల కొలతలుంటే నాలాంటివాళ్లు వేసే అంచనాల్లో ఏది నిజమో ఏది ఉత్తదో తేలిపోతుంది.

అంతా ఒకేసారి చేయమనడం లేదు. వచ్చే జూన్‌లోపు ఒక్క గొలుసు, మీర్‌పేట నుంచి చైతన్యపురి దాకా, చేసి చూపించండి. ఆ మ్యాపు ముసాయిదా ఏదైనా ఒక కమ్యూనిటీ హాలు గోడకి అంటించండి చాలు. ఏ సందులో నీళ్లు ఎన్ని గంటలకి వస్తాయో, ఎటునుంచి వస్తాయో, ముందు మోరీలోంచి వస్తాయా రోడ్డు మీదనుంచి వస్తాయా అన్నది కోదండరాం నగర్ వాళ్లు మీ మోడల్ కంటే కచ్చితంగా చెబుతారు. పెన్సిలు ఇచ్చి దిద్దమనండి. నా వంతుగా ఆ గొలుసుకి నేను వేసుకున్న లెక్కలు, అందులో వాడిన అంచనాలతో సహా, అడిగిన అధికారికి ఇస్తాను. ఫీజు అక్కర్లేదు.

ఇట్లు,
సరూర్‌నగర్ చెరువు దిగువన ఉండే ఒక డ్రైనేజీ డిజైనర్